షాపులవాళ్లని అడిగితే గ్రోత్ హార్మోన్ పాలు ఆగుతాయా?

ఆగుతాయి, అమెరికాలో చాలావరకు అలాగే తగ్గాయి, అదీ ప్రభుత్వం నిషేధించకుండానే. పాలు పెరగడానికి ఆవుకిచ్చే ఆర్‌బీఎస్‌టీ అనే గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్‌కి అక్కడ 1993లో అనుమతి వచ్చింది. కానీ కొనేవాళ్లు వద్దనడం మొదలుపెట్టాక, వాల్‌మార్ట్ 2008లో తన సొంత బ్రాండ్ కోసం ఆ ఇంజెక్షన్ వేయని ఆవుల పాలే తీసుకుంటామంది. అంత పెద్ద షాపు అలా అంటే డెయిరీలు రైతుల దగ్గర రాతపూర్వకంగా హామీ తీసుకోక తప్పదు, ఎందుకంటే అందరి పాలూ ఒకే ట్యాంకర్‌లో కలిసిపోతాయి, ఏ ఆవుకి వేశారో పాలు చూసి తేల్చడం కష్టం.

మన బరంపురం, పర్లాకిమిడి వైపు చాలామంది పొరబడేది ఇంకోచోట. పితికే ముందు గేదెకి పొడిచే సూదిని గ్రోత్ హార్మోన్ అనుకుంటారు. కాదండీ, అది ఆక్సిటోసిన్. గ్రోత్ హార్మోన్ పాలు ఎక్కువ తయారయ్యేలా చేస్తుంది, ఇదేమో పొదుగులో ఉన్న పాలు చేపేలా చేస్తుంది, అంతే (దూడ చచ్చిపోయిన గేదెలకి ఎక్కువగా వాడేది అందుకే). అలాగని తప్పు కాదని కాదు, పశువు ఆరోగ్యం పాడయ్యేలా పాల కోసం సూదులు వేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరమే. దీని గురించి సూపర్‌మార్కెట్‌లో గొడవపడి లాభం లేదు, మీ ఇంటికి పాలు పోసే ఆయన్నే అడగండి.