మర్రిగూడ అక్కకు: పాప పళ్ల మీద గోధుమ మచ్చల గురించి

అది పాచి కాదక్కా, బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్. పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే పట్టిన మచ్చ, ఎంత తోమినా పోదు. "సరిగ్గ తోముకోదు" అన్నోళ్లకు అది తప్పని పాప ముందే చెప్పండి. తొమ్మిదో తరగతి పిల్ల నవ్వొస్తే చున్నీ అడ్డం పెట్టుకుంటుందని రాసిన్రు. మా చెల్లె పెళ్లిచూపులల్ల కూడా అట్లనే కూసుంది.

1. బొగ్గుపొడితో తోముడు ఇవాళే ఆపండి. పన్ను అరుగుతది.

2. అందరూ మరిచేది ఇదే: తాగడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లు, అన్నం, పప్పు, చాయ్‌కు మాత్రం బోరు నీళ్లు వాడుతరు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కబడుతది. వంటకు కూడా నీళ్లు మార్చండి. మీ నాలుగేండ్ల బాబుకు ఇది మరీ ముఖ్యం. పాలపళ్లు ఊడినంక వచ్చే పళ్లు ఇప్పుడే లోపల తయారైతున్నయి.

3. బోరు నీళ్లు పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే మంచిది, 1.5 దాటితే తాగొద్దు, వండొద్దు.

4. పాపను పళ్ల డాక్టరుకు చూపించండి. పైపై మచ్చలైతే పాలిష్‌తో తగ్గుతయి. లోతుగుంటే పన్ను రంగు పూత వేస్తరు.