టోకెన్ ఇచ్చే ముందు ఒక రాత్రి ఆ గదిలో నిలబడండి

చి.ల.సౌ. అమ్మడికి పిన్ని ఆశీస్సులు.

బెంగళూరులో వర్తూరు వైపు ఫ్లాటు నచ్చిందనీ, వచ్చే వారమే టోకెన్ అడ్వాన్సు ఇస్తున్నారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. వాస్తు చూశారు, నీళ్ల సంగతి అడిగారు, పత్రాలు లాయరుకు చూపించారు. చప్పుడు గురించి అడిగితే, "తొమ్మిదో అంతస్తు కదా, ఏమీ వినపడదట" అంది. అల్లుడుగారు రాత్రంతా డ్యూటీ చేసి పగలు పడుకునే మనిషి. అందుకే ఈ ఉత్తరం. ఒక్క వారం ఆగండి.

మారతహళ్లి దగ్గర మేము మొదట కొన్న ఇల్లు నువ్వు చిన్నప్పుడు చూశావు. మొదటి అంతస్తు. ఒక ఆదివారం పదకొండు గంటలకు వెళ్లి చూశాం. మంచి వెలుతురు, ఎదురుగా కానుగ చెట్టు, వీధి ప్రశాంతంగా ఉంది. గృహప్రవేశం అయిన మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకు నాకు మెలకువ వచ్చింది. ఫలానా చోట నుంచి అని చెప్పలేని ఒక మోత గది నిండా ఉంది. మంచం పక్కన స్టీలు గ్లాసులో నీళ్లు పెట్టుకుని మూత వేశాను. ఆ మూత సన్నగా కొట్టుకుంటోంది. గోడకు అరచెయ్యి ఆనిస్తే వణుకు చేతిలోకి ఎక్కింది. మా పడకగది కిందే పంపుల గది! సంపులో నీళ్లు పైకి ఎక్కించే మోటార్లు రోజూ ఆ వేళకే మొదలవుతాయి. మేము చూడటానికి వెళ్లిన ఆదివారం అవి ఆగి ఉన్నాయి, అంతే.

కిటికీలు మార్చాం, మందపాటి తెరలు కట్టాం, గోడకు స్పాంజి పలకలు అంటించాం. ఏదీ పనిచేయలేదు. మీ బాబాయి ఆరేళ్లు కంటి నిండా నిద్రపోలేదు. చివరికి నష్టానికి అమ్ముకుని బయటపడ్డాం.

చప్పుడు రెండు దారుల్లో వస్తుందని నాకు అప్పుడే తెలిసింది. ఒకటి గాలిలో వచ్చేది: హారన్లు, మాటలు, కుక్కల అరుపులు. దాన్ని మన ఇంట్లో మనం చాలావరకు ఆపుకోవచ్చు. రెండోది గోడ, శ్లాబు, పైపుల్లోంచి పాకి వచ్చేది. దానికి మందు అది పుట్టే చోటే వేయాలి. పంపు కింద రబ్బరు దిమ్మలు, పైపుల మధ్య వంగే జాయింట్లు పెట్టించాలి. ఆ పంపు మనది కాదు, అసోసియేషన్‌ది. వాళ్లు దయతలిస్తేనే పని జరుగుతుంది. కాబట్టి ముందు రెండో దాని సంగతి చూడు. అక్కడ తేడా ఉంటే ఆ ఫ్లాటు ఎంత నచ్చినా వదిలెయ్యి.

ఇళ్ల ప్రాజెక్టులను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ, కర్ణాటక రెరా, దాని వెబ్‌సైటులో ఆ ప్రాజెక్టు ప్లాను దొరుకుతుంది. దాన్ని పెట్టుకుని మీ పడకగదికి కింద, పైన, పక్కన ఏముందో చూడు. లిఫ్టు గోడకు మంచం ఆనించాల్సి వస్తుందా? పైవాళ్ల బాత్‌రూం పైపులు మీ గది పక్క షాఫ్టులోంచి, అంటే పైపుల కోసం వదిలిన సందులోంచి, దిగుతున్నాయా? జనరేటరు ఎక్కడ? మురుగునీరు శుద్ధి చేసే ఎస్టీపీ ఎక్కడ? ఎస్టీపీలో గాలి కొట్టే బ్లోయర్లు రాత్రింబవళ్లు తిరుగుతాయి, ఆ మాట మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. జనరేటరుకు పెట్టె బిగించాం కదా అంటారు. వెయ్యి కేవీఏ సామర్థ్యం లోపు జనరేటర్లకు నిబంధన ప్రకారం పెట్టె నుంచి మీటరు దూరంలో 75 డెసిబెళ్ల (చప్పుడును కొలిచే లెక్క) దాకా అనుమతి ఉంది. ఇళ్ల మధ్య రాత్రి పూట ఉండవలసిన పరిమితి 45 అని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పది డెసిబెళ్లు పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు మోతగా వినిపిస్తుంది. తేడా ఎంతో నువ్వే లెక్క వేసుకో.

పై అంతస్తు సంగతి మరీ ముఖ్యం. మన దగ్గర శ్లాబు మీద సిమెంటు పరిచి టైల్స్ వేసేస్తారు, మధ్యలో మెత్తటి పొర ఏదీ ఉండదు. పైన కుర్చీ జరిపినా, బండ మీద అల్లం దంచినా నేరుగా మన నెత్తిన పడుతుంది. ఇప్పుడు వస్తున్న మైవాన్ కట్టడాల్లో, అంటే అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి కట్టేవాటిలో, గోడలన్నీ కాంక్రీటే. బరువైన గోడ కనుక పక్కింటి మాటలను బాగా ఆపుతుంది. కానీ నాలుగో అంతస్తులో డ్రిల్లింగ్ పెడితే తొమ్మిదో అంతస్తులో పళ్లు జివ్వుమంటాయి. లోపల గాలి బుడగలుండే తేలికపాటి ఏఏసీ సిమెంటు బ్లాకుల గోడైతే, అంతే మందమున్న కాంక్రీటు గోడలా మాటలను ఆపలేదు. అల్లుడుగారిని పడకగదిలో ఉంచి, పై ఇంటివాళ్లను అడిగి నువ్వు పైకి వెళ్లి రెండు అడుగులు గట్టిగా వేసి, ఒక కుర్చీ లాగి చూడు. ఇందులో మొహమాటం వద్దు, ముప్పై ఏళ్లు ఉండబోయే ఇల్లు.

ఇక తొమ్మిదో అంతస్తు మాట. రోడ్డు మోత రోడ్డు పొడవునా పుడుతుంది కనుక దూరం రెట్టింపైనా మూడు డెసిబెళ్లే తగ్గుతుంది. కింది అంతస్తులకు ప్రహరీ గోడో, ఎదురు ఇల్లో అడ్డం ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ ఆ అడ్డం పోయి, రోడ్డు ఎంత దూరం కనిపిస్తే అంత దూరం నుంచీ మోత వస్తుంది. పగలు పెద్ద లారీలకు ఆంక్షలుంటాయి కాబట్టి అవి చీకటి పడ్డాక బయలుదేరతాయి. పడకగది కిటికీలోంచి రోడ్డు కనపడని ఫ్లాటు అదే టవర్‌లో ఉంటే, ఎండ కాస్త తక్కువైనా నేను దానికే ఓటు వేస్తాను. మన ఊళ్లో కిటికీ తెరిచి పడుకోవడంలోనే సుఖం ఉంది. ఎంత మంచి కిటికీ అయినా మూసినప్పుడే పనిచేస్తుంది.

అయినా మూయక తప్పదు అనుకుంటే జరిపే కిటికీలు వద్దు. రెక్క తలుపులా తెరుచుకుని, చుట్టూ రబ్బరు అంచు నొక్కుకునే యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ చట్రం) కిటికీ, రెండు గాజుల మధ్య పొర అతికించిన లామినేటెడ్ అద్దంతో పెట్టించు. గోడలో నూటికి ఒక వంతు సందు తెరిచి ఉన్నా, మిగతా గోడ ఎంత గట్టిదైనా మొత్తం మీద ఇరవై డెసిబెళ్లకు మించి తగ్గదు. ఊదుబత్తి వెలిగించి మూసిన కిటికీ అంచుల వెంట నెమ్మదిగా తిప్పు. పొగ ఎక్కడ వణికితే అక్కడ సందు ఉన్నట్టే. వీధి తలుపు కింద కూడా ఇలాగే చూడు. స్పాంజి పలకలకు మాత్రం డబ్బు పోయకు. అవి గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తాయి తప్ప బయటి మోతను ఆపవు.

ఇంకా చుట్టుపక్కల కల్యాణ మంటపం ఉందా, పక్కన ఖాళీ సైటు ఉందా కనుక్కో. ఖాళీ సైటంటే రేపు బేస్‌మెంటు కోసం బండ కొట్టే మిషను వస్తుందన్నమాట. హెచ్ఏఎల్ పాత విమానాశ్రయం రన్‌వే దారి కూడా చూసుకోండి. 2008లో ప్రయాణికుల విమానాలు దేవనహళ్లిలోని కొత్త విమానాశ్రయానికి మారాయి గానీ, పాత దాంట్లో వాయుసేన, పరీక్షా విమానాలు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి.

రెరా చట్టంలో నిర్మాణ లోపాలను అయిదేళ్ల దాకా బిల్డరే సరిచేయాలని ఉంది. చప్పుడును లోపంగా రుజువు చేయడం చాలా కష్టం, దాన్ని నమ్ముకోకండి. కిటికీ రకం, అద్దం మందం అగ్రిమెంటులో రాయించుకోండి.

శనివారం రాత్రి పదిన్నరకు ఆ ఫ్లాటు తాళం తెప్పించమని బిల్డరు మనిషికి చెప్పు. దీపాలు ఆర్పి, ఫోన్లు పక్కన పెట్టి అరగంట పడకగదిలో మాట్లాడకుండా నిలబడదాం. ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు మళ్లీ వెళదాం. అల్లుడుగారు పడుకునే వేళ ఎలా ఉంటుందో సోమవారం మధ్యాహ్నం ఆయనే చూసుకోవాలి. శనివారం రాత్రి నేనూ మీ బాబాయీ గేటు దగ్గర మీకోసం చూస్తుంటాం. ఊదుబత్తీ, మూత ఉన్న స్టీలు గ్లాసూ నేను తెస్తాను.

మీ పిన్ని