మోకాలికీ భుజానికీ మధ్య

బరంపురం,
భాద్రపదం.

చెల్లికి అప్ప ఆశీస్సులు.

దసరాకి ఇల్లు దులపడం ఎలాగ, నాకు నడుము, ఆయనకి మోకాళ్ళు అని రాశావు. ఒక లెక్క చెప్తాను, ప్రతి గదిలోనూ నిలబడి వేసి చూడు. రోజూ వాడే వస్తువేదీ నీ మోకాలి కింద ఉండకూడదు, భుజం పైన ఉండకూడదు. కింద ఉంటే వంగాలి, లేచేసరికి కళ్ళు తిరుగుతాయి. పైన ఉంటే పీట ఎక్కాలి. మన వయసులో మంచాన పడేసేవి ఈ రెండూ, వీటికి తోడు తడి.

వంటింటి నుంచి మొదలుపెట్టు. గట్టు మీదా, దాని పైన మొదటి అరలోనూ మీ ఇద్దరికీ రోజుకి సరిపడే గిన్నెలు మాత్రం ఉంచు. పది మందికి వండే డేగిశాలు, ఇత్తడి బిందెలు అటక మీదున్నాయంటే ఉండనీ, కానీ పండక్కి కావాలంటే దింపే మనిషి వచ్చాకే దిగాలి. మిక్సీ గట్టు మీద ప్లగ్గుతో సహా స్థిరంగా ఉండాలి, రోజూ తీసి పెట్టేది కాదు. బియ్యం బస్తా 25 కేజీలు. కొట్టువాడు తెచ్చి దింపినప్పుడే వాడిచేతే అయిదు కేజీల డబ్బాల్లోకి పోయించు, ఖాళీ సంచి వాడికే ఇచ్చెయ్. అయిదు లీటర్ల కుక్కరు ఎవరికైనా ఇచ్చి మూడు లీటర్లది తీసుకో. కుక్కరు రబ్బరు గట్టిపడి పక్కల నుంచి ఆవిరి పోతుంటే మూత బిగించడానికి బలం పెడతావు, మణికట్టు పట్టేస్తుంది. రబ్బరు ఏడాదికోసారి మార్చడం చవక.

కత్తిపీట దగ్గర పేచీ పెడతావని తెలుసు. కూర్చోవడం కష్టం కాదు, లేవడమే కష్టం. ఎత్తు బల్ల మీద చాకుతో తరుగు, పాదాలు నేలకి ఆనే కుర్చీలో కూర్చుని. ఎండాకాలం ఒడియా వాళ్ళు పఖాళ తింటారు చూడు, మన చద్దన్నమే. పొద్దున్న ఒకసారి పొయ్యి వెలిగిస్తే సాయంత్రం దాకా దాని జోలికి పోనక్కర్లేదు. పొద్దున్న పదకొండు దాటాక పొయ్యి దగ్గర పనీ, డాబా మీద పనీ పెట్టుకోకు.

నీళ్ళ సంగతి. నువ్వు మొయ్యగలనన్న బకెట్టు 20 లీటర్లది, అంటే నిండితే 20 కేజీలు. ఒక చేత్తో మోస్తే నడుము ఆ పక్కకి వంగిపోతుంది. పది లీటర్ల బకెట్లు రెండు కొను, రెంటినీ సగం నింపి రెండు చేతులా పట్టుకుంటే ఒళ్ళు నిటారుగా ఉంటుంది. ఇంకా మంచిది, పెరటి కొళాయికి అరంగుళం రబ్బరు పైపు తగిలించి నీళ్ళనే నడిపించుకో. నూతిలోంచి చేదడం మానెయ్. మోటారు పెట్టిస్తే ఒకటి గుర్తుంచుకో: నుయ్యి ఒడ్డు మీద కూర్చున్న మోటారు ఏడెనిమిది మీటర్ల లోతు మించి నీళ్ళు లాగలేదు. వైశాఖంలో నీళ్ళు దిగిపోయాక ఉత్తినే తిరిగి సీలు కాలిపోతుంది. మీ నూతిలో వేసవిమట్టం ఎంతో ముందు తాడు వేసి కొలిపించు. అంతకంటే లోతైతే నీళ్ళల్లో మునిగే మోటారే పెట్టించాలి. ఇక పైపు అడుగున నీళ్ళు వెనక్కి జారకుండా ఆపే వాల్వు కారితే ప్రతిసారీ నీళ్ళు పోసి పట్టించాలి. అందుకని నూతి మీదకి వంగద్దు, ఆ వాల్వే మార్పించు.

చీపురు కట్ట పొట్టిది కాబట్టే నడుము పోతోంది. కొబ్బరీనుల చీపురుని నాలుగడుగుల వెదురు కర్రకి ఇనప తీగెతో బిగించి కట్టించు, పెరడు నిలబడి ఊడవచ్చు. ఇంట్లోకి పొడుగు పిడి ఉన్న బల్లపరుపు మాప్ తెచ్చుకో. తిప్పి పిండే బకెట్టుతో వచ్చేది వద్దు, ఆ బకెట్టు నిండితే కదలదు, తొక్కే పెడలు దగ్గర ఒంటికాలి మీద నిలబడాలి. మూడు లీటర్ల నీళ్ళు, ఒక మూత ఫినాయిలు చాలు. లోపలి మూల నుంచి గుమ్మం వైపు వెనక్కి వెనక్కి తుడుచుకుంటూ రా, ఫ్యాను వెయ్, పావుగంట ఆ గదిలో అడుగు పెట్టద్దు. వానాకాలం ఎర్ర గచ్చు తనంతట తనే చెమటోడుస్తుంది. గాలిలో చెమ్మ చల్లటి నేలకి తగిలి నీరవుతుంది. ఆ రోజుల్లో తడిగుడ్డ పెడితే సాయంత్రానికి కూడా ఆరదు, ఊడ్చి వదిలెయ్. నూనె ఒలికితే ముందు దాని మీద తవుడో శనగపిండో చల్లి ఎత్తెయ్, తర్వాత వేడి సబ్బునీళ్ళతో తుడువు. నేరుగా తడిగుడ్డ వేస్తే నూనె గదంతా పరుచుకుంటుంది.

గుడ్డ పట్టాలు గుమ్మాల దగ్గర వేస్తావు కదా, అవి తీసెయ్. అంతకంటే జారేది ఇంట్లో లేదు. రబ్బరు అడుగు ఉన్నవైతే సరే. హవాయి చెప్పులు కూడా చూసుకో, అడుగున గీతలు అరిగిపోతే తడి గచ్చు మీద ఆ చెప్పులు వేసుకున్నా ఒకటే, వేసుకోకపోయినా ఒకటే.

ఇక స్నానాలగది. మిగతావన్నీ వాయిదా వేసుకో, ఇది వెయ్యకు. పాచి పట్టిన చోట బ్లీచింగ్ పౌడరు చల్లి, తడిపి, ఇరవై నిముషాలు వదిలి, పొడుగు పిడి బ్రష్షుతో తోమించి కడిగించు. అదే రోజు అక్కడ యాసిడ్ గానీ దొడ్డి కడిగే లోషన్ గానీ పొయ్యనివ్వకు. బ్లీచింగూ యాసిడూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపు వేసిన చిన్న గదిలో ఊపిరి ఆడదు. పనివాళ్ళు రెండూ కలిపితే ఇంకా తెల్లగా అవుతుందనుకుంటారు, ముందే చెప్పి ఉంచు.

పట్టుకోడానికి గొట్టాలు వేయిస్తానన్నావు, మంచిది. అయితే ఎక్కువమంది దగ్గర ఇవి ఊడి చేతికొస్తాయి, ఎందుకో విను. మనవి సున్నంతో కట్టిన పాత గోడలు. పైన టైల్సు చూసి మిస్త్రీ డ్రిల్లు పెడతాడు, మేకు పూతలోనే ఆగుతుంది, ఇటుకకి పట్టదు. డ్రిల్లు దిగేటప్పుడు రాలే పొడి చూడు. ఎర్రగా, గరుగ్గా వస్తే ఇటుక తగిలినట్టు. తెల్లగా, మెత్తగా రాలుతూనే ఉంటే అది సున్నం, మేకు అక్కడ నిలవదు. అలాంటి చోట పది మిల్లీమీటర్ల మరకడ్డీ, అంటే పొడుగునా మరలున్న ఇనప కడ్డీ, గోడకి అవతల దాకా దూర్పించి, అటు పక్క నాలుగంగుళాల చదరపు ఇనప రేకు వేసి నట్టు బిగించాలి. అవతల పక్కింటి గోడైతే కుదరదు. మన పొడుగు ఇళ్ళకి రెండు పక్కలా ఉమ్మడి గోడలే కదా. అప్పుడు గచ్చులో కాంక్రీటు దిమ్మ పోయించి, దానికి నిలువు గొట్టం బిగించడమే దారి. దిమ్మ పోసిన వారం దాకా దాన్ని ముట్టుకోవద్దు.

గొట్టం స్టెయిన్‌లెస్ స్టీలుది, అంగుళంపావు నుంచి అంగుళంన్నర లావు, గోడకి అంగుళంన్నర ఎడం. ఎడం తక్కువైతే వేళ్ళు దూరవు, ఎక్కువైతే తడి చెయ్యి జారినప్పుడు మోచెయ్యి దాకా దూరి ఇరుక్కుంటుంది. ఎత్తు పుస్తకం చూసి పెట్టించకు, నీ ఒంటి కొలత చూసి పెట్టించు. కమోడు మీద కూర్చుని మోచెయ్యి మడిచి ముందుకి చాపితే అరచెయ్యి ఎక్కడికొస్తే అక్కడ సుద్దముక్కతో గీత గియ్. స్నానం చేసే చోట నిలబడి గీత గియ్. మరిదిగారు నీకంటే జానెడు పొడుగు, ఆయన గీత వేరే. ఒకే గొట్టం ఇద్దరికీ కావాలంటే ఏటవాలుగా వేయించు. బిగించాక మిస్త్రీనే దానికి వేలాడమను. మొహమాటపడితే నీ పనికి అది పనికిరాలేదని అర్థం. తువ్వాలు వేసే కడ్డీని ఎప్పుడూ పట్టుకోకు. గాలితో అంటుకునే రబ్బరు పిడులు గరుకు టైల్సు మీద అసలు నిలవవు, అమ్మేవాడు నున్నటి అద్దం మీద అంటించి చూపిస్తాడు.

ఇంకోటి, ఆ గది తలుపు లోపలికి తెరుచుకుంటుంది. లోపల మనిషి పడితే తలుపుకి అడ్డమే పడతాడు, బయటివాళ్ళు తొయ్యలేరు. కీళ్ళు మార్పించి బయటికి తెరుచుకునేట్టు చెయ్యి, గడియ తీసేసి బయట నుంచి కూడా తిప్పగలిగేది పెట్టించు. వడ్రంగికి పూట పని.

తిప్పే కొళాయిలన్నీ పాతబడ్డాక ఒక్కొక్కటీ పిడి కొళాయిలుగా మార్చుకో, పావు మలుపుకే ఆగుతాయి, వేళ్ళ కీళ్ళకి సుఖం. గడప మెట్టు అంచున రెండంగుళాల తెల్లరంగు పట్టీ వేయించు. రాత్రి పడక నుంచి దొడ్డి దాకా అరవాట్టు చిన్న దీపాలు రెండు చాలు.

వెల్ల గురించి. దసరా ముందు వెల్ల వెయ్యకు. వాన ఇంకా వెళ్ళలేదు, గోడలు తాగిన నీరు లోపలే ఉంది. తడిగోడకి వేసిన సున్నం సంక్రాంతి లోపు పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది, మళ్ళీ డబ్బు. మాఘ ఫాల్గుణాల్లో, గోడ ఎండాక వేయించు. కింద మూడడుగుల మేర ఉప్పు పూసే చోట సిమెంటు పూత పూయిస్తానంటే ఒప్పుకోకు. నేలలోంచి ఎక్కే చెమ్మ సున్నం గోడలోంచి బయటికి ఆరిపోతుంది, సిమెంటు దాన్ని మూసేస్తుంది, అది ఇంకా పైకెక్కి నాలుగో అడుగున పుడుతుంది. ప్లాస్టిక్ రంగులూ అంతే. ఎత్తైనవాళ్ళెవరైనా వేస్తారు, నువ్వు అరుగు మీద కూర్చుని చూడు. సున్నం కంట్లో చిందితే చల్లటి మంచినీళ్ళతో పావుగంట ఆపకుండా కడిగి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ద్వారబంధాల మొదట్లో మట్టి గీతలు కనిపిస్తే చెంచా వెనకతో కొట్టి చూడు, డొల్ల మోగితే చెదలు. అది మందు కొట్టేవాళ్ళ పని.

దసరా ముందు నిజంగా చేయించాల్సినవి డాబా మీదున్నాయి. మన వైపు పెద్ద గాలులు ఎక్కువగా ఈ నెలల్లోనే వస్తాయి. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస వైపు దాటింది, మీ గజపతి జిల్లా కొండల్లో ఎంత నష్టమో నీకు చెప్పక్కర్లేదు. కాబట్టి బూజు ఆగవచ్చు. డాబా నీటి తూముల్లో ఆకు తీయించు, ట్యాంకు మూత తాడుతో కట్టించు, ఎండిన కొబ్బరి మట్టలు దింపించు, కదిలిన పెంకులు సర్దించు. నువ్వు నిచ్చెన కింద పట్టుకోడానికి కూడా వద్దు, పైవాడు జారితే నీ మీదే పడతాడు, ఇద్దరు మనుషుల్ని పిలు. తుఫాను కబురు రాగానే ట్యాంకూ బకెట్లూ ముందే నింపెయ్, కరెంటు పోతే మోటారు ఉండదు.

గ్యాసు సిలిండరులో గ్యాసు 14.2 కేజీలు, ఇనుము కలిస్తే 30 కేజీల దాకా ఉంటుంది. చక్రాల పీట కొను, తెచ్చినవాడిచేతే బిగించి సబ్బు నురుగు రాసి చూపించమను. నారింజ రంగు గొట్టం అయిదేళ్ళకి మార్చాలి, తేదీ దాని మీదే ఉంటుంది. వాసన వస్తే స్విచ్చులేవీ నొక్కకుండా రెగ్యులేటరు ఆపి, తలుపులు తీసి, బయటికొచ్చి 1906కి ఫోను చెయ్యి. మీటరు దగ్గర షాకు ఆపే స్విచ్చు, 30 మిల్లీ ఆంపియర్లది, పెట్టించావో లేదో చూడు. దాని మీద బొత్తం నెలకోసారి నొక్కితే కరెంటు టక్కున పోవాలి, పోకపోతే పాడైనట్టే. అంబులెన్సు 108, పెద్దవాళ్ళ సహాయానికి 14567. ఇవి పెద్ద అంకెలతో రాసి గోడకి అంటించు. మంచం పక్కన మోకాలి ఎత్తులో కూడా ఒకటి, పడినవాళ్ళకి పైది కనపడదు.

బట్టలకి ఒక్క మాట. రోజుకో దుప్పటి కంటే ఎక్కువ ఉతక్కు. దండెం భుజం ఎత్తుకి దింపించు.

మిగిలిన దులుపుడు మార్గశిరానికి పెట్టుకో. లక్ష్మివారాలు, అంటే గురువారాలు, నాలుగో అయిదో వస్తాయి. పక్కింటి ఒడియా వాళ్ళు ఆ వారాల్లో ఇల్లు అలికి పిండితో ఝోటి, అంటే వాళ్ళ ముగ్గు, వేస్తారు కదా, నువ్వూ వారానికి ఒక్క గది చొప్పున పెట్టుకో. బుధవారం పొద్దున్న కుర్రవాడొకడు రెండు గంటలు వచ్చి ఫ్యానూ, బూజూ, అటకా చూస్తాడు. కింద అలమార నువ్వు కూర్చుని సర్దు. అప్పటికి వాన పోతుంది, ఎండ తేలిక, అటక మీద సామాను ఎండకి పెట్టుకోవచ్చు కూడా. ముగ్గు వంగి వెయ్యలేకపోతే అరుగు మీద పీట వేసుకుని పాదాల ముందు చిన్నది వెయ్, వీధి ముగ్గు పనిమనిషి వేస్తుంది. ఆమెకి పని ఒప్పజెప్పేటప్పుడు 'అన్నీ చూసుకో' అనకు. 'నీళ్ళు మొయ్యడం, నేల తుడవడం, దుప్పట్లు పిండడం' అని విడిగా చెప్పు. అన్నీ అంటే తేలికవి తను చేసి బరువైనవి నీకు మిగులుస్తుంది, తప్పు ఆమెది కాదు.

ఈ వారం మాత్రం ఒక్క పని చెయ్యి. స్నానాలగదిలో మీ ఇద్దరి గీతలూ సుద్దతో గీసి, నేల నుంచి ఎన్ని అంగుళాలో టేపుతో కొలిచి, ఆ గోడ అవతల ఎవరి గది ఉందో రాసి పంపు. గోడని వేలితో కొట్టి డొల్ల మోగిన చోట్లు కూడా గుర్తు పెట్టు. గొట్టాలు నేను ఇక్కడే కొని మీ వైపు వచ్చే బస్సులో వేయిస్తాను.

నీ అప్ప