మాజీ సైనికుడైన తాతగారి నూరవ పుట్టినరోజును ఎలా జరిపితే బాగుంటుంది?

మీ తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేశారనీ, రెండు నెలల్లో నూరేళ్లు పూర్తి చేసుకుంటారనీ, ఫంక్షన్ హాలు తీసుకొని బంధుమిత్రులందరి మధ్య ఘనంగా చేయాలని మీరూ, ఇంట్లోనే చిన్నగా చేద్దామని మీ పెదనాన్నగారూ అనుకుంటున్నారనీ రాశారు. మా అమ్మగారి తండ్రి 1943లో బెంగళూరులో మద్రాస్ సాపర్స్ (దారులు, వంతెనలు వేసే సైనిక ఇంజనీర్ల దళం)లో చేరి, బర్మా యుద్ధం చూసి, స్వతంత్ర భారత సైన్యంలో కూడా కొనసాగి, 1967లో సుబేదారుగా విరమించారు. ఆయన నూరవ పుట్టినరోజును గత ఏడాది మార్గశిరంలో మేము జరిపాము. ఆ అనుభవంతో చెప్పాలంటే నేను మీ పెదనాన్నగారి పక్షమే, కానీ దానికి కారణం ఖర్చు కాదు. ఆ వయసు మనిషికి వేడుక ఎంత పెద్దదన్నది పట్టదు. వచ్చినవారిలో తనతో మాట కలపగలిగినవారు ఎందరున్నారన్నదే ముఖ్యం.

ముందుగా తేదీ సంగతి తేల్చుకోండి. ఆ తరంలో సైన్యంలో చేరినవారిలో చాలామందికి పుట్టిన తేదీకి కాగితం ఉండేది కాదు. చేరేటప్పుడు నోటితో చెప్పిన వయసునే గుమాస్తా రాసుకునేవాడు. మా తాతగారు క్రోధన నామ సంవత్సరంలో, అంటే 1925 చివర్లో పుట్టారని ముత్తవ్వ లెక్క. చేరేటప్పుడు పద్దెనిమిదేళ్లు నిండాయని చెప్పుకోవడం వల్ల డిశ్చార్జి పుస్తకంలో (సైన్యం నుంచి విడుదలయ్యేటప్పుడు ఇచ్చే సేవా వివరాల పుస్తకం) 1924 పడింది. వేడుకకు మేము తిథినే పట్టుకున్నాము. పింఛనుకు మాత్రం పింఛను ఉత్తర్వులో ఉన్న తేదీయే ప్రమాణం. ఆ తేదీ ప్రకారం నూరేళ్లు పూర్తయిన నెల ఒకటో తేదీ నుంచి మూల పింఛనుకు సమానమైన మొత్తం అదనంగా కలుస్తుంది. ఎనభై ఏళ్లకు ఇరవై శాతంతో మొదలై, అయిదేళ్లకోసారి పెరుగుతూ వచ్చే అదనపు పింఛనులో ఇదే చివరి మెట్టు. సైనిక పింఛన్ల వెబ్‌సైటైన స్పర్శ్ పోర్టల్‌లో పుట్టిన తేదీ సరిగా నమోదై ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. యుద్ధం ముగియగానే పింఛను లేకుండా ఇంటికి పంపబడిన వారిలో మీ తాతగారు ఒకరైతే, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే నెలవారీ సాయం గురించి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

ఇక బంధుమిత్రుల మాట. బంధువులకు కొదవ ఉండదు, చిక్కంతా మిత్రులతోనే. నూరేళ్ల మనిషి స్నేహితుల జాబితా రాయమంటే మా అమ్మగారు కలం పట్టుకొని చాలాసేపు కూర్చుండిపోయారు, ఎందుకంటే ఆయనను పేరు పెట్టి పిలిచేవారు ఊళ్లో ఒక్కరూ మిగలలేదు. మనకు తెలిసిన పెద్దలను, ఉద్యోగ పరిచయాలను, నాయకులను పిలిచి హాలు నింపడం తేలికే గానీ, వారంతా ఆయనకు కొత్త ముఖాలు. అందుకని మేము మూడు దిక్కుల వెతికాము. ఆయనతో పనిచేసినవారి కొడుకులను, మనవలను పాత ఉత్తరాల మీది చిరునామాలను బట్టి పట్టుకున్నాము. వారిలో ఒకాయన తన తండ్రి దాచుకున్న ఫోటో తెచ్చి చూపితే, తాతగారు అందులోని ముఖాలను వరుసగా గుర్తుపట్టారు. మా ఊరు తాడేపల్లిగూడెం ప్రాంతంలోనిదే కనుక, తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపుతూ మిలిటరీ మాధవరం అని పేరు పడిన మాధవరం నుంచి కొందరు మాజీ సైనికులను ఆహ్వానించాము. వారు 1965, 1971 యుద్ధాల నాటివారు, ఆయన కంటే ఇరవై ఏళ్లకు పైగా చిన్నవారు. అయినా పలకరింపులోనే ఏ కంపెనీ, ఏ సెంటరు అన్న మాట దొర్లింది, ఆ తరువాత వారిని ఎవరూ పరిచయం చేయవలసిన అవసరం రాలేదు. మూడోది ఆయన రెజిమెంటు. డిశ్చార్జి పుస్తకం నకలు జతచేసి ముందుగా ఉత్తరం రాస్తే తరచుగా స్పందన ఉంటుంది. మా ఇంటికి ఒక యువ అధికారి, ఇద్దరు జవాన్లు వచ్చి జ్ఞాపిక ఇచ్చి సెల్యూట్ చేశారు. ఆ జవాన్లలో ఒకడు బెయిలీ వంతెన (ఉక్కు పలకలను జోడించి త్వరగా వేసే సైనిక వంతెన) పలకలు మోయడం ఇప్పటికీ నేర్పుతారని చెప్పగానే తాతగారు, ఒక పలకకు ఎంతమంది అని ఎదురు ప్రశ్న వేశారు. ఆరుగురు అన్న జవాబు విని తృప్తిగా తల ఊపారు.

అన్నింటికంటే జాగ్రత్తగా చేసిన పని ఇంకొకటి ఉంది. తాతగారితో పాటు ఒకే రోజు సైన్యంలో చేరిన పక్క ఊరి స్నేహితుడు 1945లో ఐరావతి నది దాటే సమయంలో కొట్టుకుపోయాడని, దేహం దొరకలేదని చిన్నప్పటి నుంచి వింటూ ఉన్నాము. ప్రపంచ యుద్ధాల్లో మరణించిన సైనికుల వివరాలు ఉంచే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. తెలుగు పేర్లను అప్పటి గుమాస్తాలు తోచినట్టు రాశారు కనుక ఒక్క పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు. దళం పేరు, మరణించిన సంవత్సరం కలిపి వెతకండి. చాలా నమోదుల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. ఆ స్నేహితుడి పేరు రంగూన్‌కు ఉత్తరాన తౌక్యాన్‌లో ఉన్న రంగూన్ మెమోరియల్ మీద కనిపించింది. సమాధి అంటూ లేని దాదాపు 27,000 మంది పేర్లు అక్కడి రాతి స్తంభాల మీద చెక్కి ఉన్నాయి. మీ తాతగారి మిత్రులు ఎవరైనా కొహిమాలో మరణించి ఉంటే, అక్కడ దహనం చేసిన హిందూ, సిక్కు సైనికులు 917 మందికి వేరే స్మారకం ఉంది, అదీ చూడండి. తాతగారి స్నేహితుడి పేరును వేదిక మీద అందరి ఎదుట చదవాలని మా తమ్ముడు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పుట్టినరోజుకు వారం ముందే, ఇంట్లో మేము ముగ్గురమే ఉన్నప్పుడు ఆ పేరున్న కాగితాన్ని తాతగారికి చూపించాము. ఆయన ఆ కాగితాన్ని రెండు రోజులు తలగడ కింద ఉంచుకొని, ఆ తరువాత, పుట్టినరోజున దీపం పెట్టేటప్పుడు వాడి పేరు కూడా చెప్పమని పురోహితుడితో అనండి అన్నారు. ఇలాంటి నిర్ణయం ఆయన నోటి నుంచి రావాలే గానీ మనం చేసి పెట్టేది కాదు.

వేడుక జరిగే తీరులో కొన్ని విషయాలు ముందే ఆలోచించాలి. బాణసంచా వద్దు. మా మేనమామ ముచ్చటపడి తెచ్చిన వెయ్యివాలాను గేటు దగ్గరే ఆపేశాము. ఎనభై ఏళ్లు గడిచినా హఠాత్తుగా వచ్చే పేలుడు శబ్దానికి మా తాతగారి చేతులు వణకడం ప్రతి దీపావళికీ చూస్తూ వచ్చాము. డీజే, పెద్ద స్పీకర్లు కూడా వద్దు, వినికిడి యంత్రం పెట్టుకున్నవారికి ఆ హోరులో ఎదుటి మాట ఒక్కటీ అందదు. ఉదయం పది నుంచి పన్నెండు లోపు ముగించండి, ఎందుకంటే మధ్యాహ్నం దాటితే ఆ వయసువారు త్వరగా అలసిపోతారు. మరుగుదొడ్డి పక్కనే ఉండాలి. ఫంక్షన్ హాలు వద్దనడానికి నిజానికి ఇదొక్క కారణమూ చాలు. ఆయుష్య హోమం చేయిస్తే పొగ ఆయన వైపు రాకుండా కూర్చోబెట్టండి. సహస్ర చంద్ర దర్శనం ఎనభై ఒకటో ఏటనే అయిపోయింది కనుక ఇప్పుడు ఏ క్రతువు చేయాలని పురోహితులు కాస్త తర్జనభర్జన పడతారు. మా పంతులుగారు ఆయుష్య హోమం, ఆశీర్వచనంతో సరిపెట్టారు. ఆయన మీద అక్షింతలు వేయదగిన పెద్దవారు ఎవరూ లేకపోవడంతో వేద పండితులే వేశారు, మిగతావారందరూ ఆయన చేతి అక్షింతలు తీసుకున్నారు. అయితే ఒక్కొక్కరూ వచ్చి కాళ్లకు దండం పెడుతుంటే ఆయన ప్రతిసారీ ముందుకు వంగి చేయి ఎత్తవలసి వస్తుంది. కుటుంబానికి ఒకసారి చొప్పున పంపితే ఆ శ్రమ తగ్గుతుంది. శాలువాలు తేవద్దని పిలుపులోనే చెప్పేయండి, లేకపోతే మీద మీద కప్పి ఫోటోలు తీస్తూనే ఉంటారు.

జాతీయ గీతం పెట్టాలనుకుంటే ఒక్క సంగతి గుర్తుంచుకోండి: చక్రాల కుర్చీలో ఉన్నా ఆయన లేచి నిలబడటానికి ప్రయత్నిస్తారు, వద్దన్నా వినరు. ఇద్దరు బలమైనవాళ్లను అటూ ఇటూ నిలబెట్టాకే గీతం మొదలుపెట్టండి. జెండా విషయంలోనూ పాత సైనికులు చాలా పట్టింపుగా ఉంటారు. మా బంధువు ఒకరు మువ్వన్నెల జెండా మీద శుభాకాంక్షలు అచ్చు వేయించి తెస్తే, జెండా మీద రాతలు ఏమిటని తాతగారే దానిని మడత పెట్టించారు. జాతీయ జెండా మీద అక్షరాలు రాయకూడదని, ఉత్సవ అలంకరణకు వాడకూడదని నియమావళిలో స్పష్టంగా ఉంది.

పతకాలు ఉంటే బయటకు తీయండి. బర్మాలో పోరాడినవారికి ఇచ్చిన బర్మా స్టార్ పతకం రిబ్బను ముదురు నీలం, మధ్యలో వెడల్పాటి ఎరుపు, నీలం నడుమ సన్నని నారింజ గీతలతో ఉంటుంది. పాత రిబ్బన్లు చివికిపోయి ఉంటాయి కనుక కొత్తవి కుట్టించండి గానీ, పతకాలను మెరుగు పెట్టించవద్దు. అవి ఏ వరుసలో ఉండాలో వచ్చే సైనికాధికారులను అడిగితే చెబుతారు. ధరించవలసింది ఆయనే, ఎడమ రొమ్ము మీద. మనవళ్లకు తగిలించి ఫోటోలు తీయడం నాకు నచ్చదు.

పిల్లలు ఎంతమందిని చంపారు తాతయ్యా అని అడగకుండా ముందే చెప్పి ఉంచండి. తిండి గురించి, వాన గురించి, కంచర గాడిదల గురించి, దారుల గురించి అడగమనండి. బర్మాలోని కబా లోయలో మలేరియాకు రోజూ మింగించిన మెపాక్రిన్ మాత్రలతో ఒళ్లంతా పసుపు రంగుకు తిరిగిందని, కలేవా దగ్గర చింద్విన్ నది మీద 1,154 అడుగుల బెయిలీ వంతెన వేస్తుంటే అంత పొడుగు వంతెన ప్రపంచంలో ఇంకెక్కడా లేదని దొరలు చెప్పుకునేవారని మా తాతగారు ఆ రోజు మా అన్నయ్య కూతురికి చెప్పారు. మాకెవరికీ అంతకు ముందు ఆ పసుపు రంగు సంగతి తెలియదు.

భోజనం ఆయన తినేదే పెట్టండి. మాకు మెత్తటి పులిహోర, పరమాన్నం. వచ్చిన మాజీ సైనికుల పుణ్యమా అని సైనిక క్యాంటీన్ రమ్ము ఒక చిన్న మూత కూడా దక్కింది, దానికి డాక్టరుగారి అనుమతి ముందే తీసుకున్నాము.

ఆ రోజు రాలేకపోయినవారిని మరునాడే పిలవవద్దు. మా తాతగారు మరునాడు మధ్యాహ్నం దాకా నిద్రపోయారు. ఆ తరువాతి రెండు వారాల్లో రోజుకు ఇద్దరు ముగ్గురు చొప్పున సాయంత్రం వేళ రమ్మని కబురు చేశాము, అప్పుడు ఒక ఫోనులో రికార్డు చేసుకుంటూ తీరికగా అడిగితే, జనం మధ్య చెప్పనివి ఎన్నో చెప్పారు.