నాలుగో పాటతో మొదలుపెట్టు

చిరంజీవి వంశీకి బాబాయి ఆశీస్సులు.

మీ బ్రిస్బేన్ పంక్ బ్యాండ్ 'ద సెయింట్స్' మొదటి ఆల్బమ్ 'అయామ్ స్ట్రాండెడ్' విన్నానని, ఒకటే మోతని, మూడో పాటకే ఆపేశానని రాశావు. తప్పు నీది కాదులే. బ్రిస్బేన్ బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటే ఎవరికైనా అంతే. నేనూ మొదట్లో కంప్యూటర్ పక్కనుండే బుల్లి స్పీకర్లలో విని, ఆ సీడీ ఎవరికో ఇచ్చేశాను. మళ్ళీ కొనుక్కోడానికి ఏడేళ్ళు పట్టింది.

ఈసారి నాలుగో పాటతో మొదలుపెట్టు. 'మెసిన్ విత్ ద కిడ్', దాదాపు 6 నిమిషాల నెమ్మది పాట. గాయకుడు క్రిస్ బెయిలీ గొంతు ఇక్కడ తేటగా వినిపిస్తుంది. మధ్యాహ్నం నిద్ర చెడగొడితే విసుక్కునే మనిషిలా, మాటని సాగదీసి కాస్త ఆలస్యంగా వదులుతాడు. అది చెవికి పట్టాక మొదటి పాటకి వెళ్ళు, ఆల్బమ్ పేరే దాని పేరూ, 'అయామ్ స్ట్రాండెడ్'. వెనక బ్యాండు పరుగులు పెడుతుంటే ఇతను మాత్రం నాకేం తొందరన్నట్టు పాడుతుంటాడు. నన్నడిగితే ఆల్బమ్ రుచంతా ఆ పేచీలోనే ఉంది.

ఇక ఎడ్ క్యూపర్ గిటార్. చిన్నప్పుడు తాతయ్యతో వడ్లు పట్టించడానికి మిల్లుకి వెళ్ళేవాడివి, గుర్తుందా? లోపల అడుగుపెట్టగానే ఒకటే హోరు. కాసేపు నిలబడితే బెల్టు చప్పుడు వేరు, జల్లెడ ఊగే చప్పుడు వేరు అని తెలిసేది. ఈ గిటారూ అంతే. సందు లేకుండా వాయిస్తాడు, కానీ ఆ హోరు లోపల స్వరాలు మారుతూనే ఉంటాయి. చివరి పాట 'నైట్స్ ఇన్ వెనిస్' మీద ఓ రెండుసార్లు కూర్చో, దొరుకుతుంది. చిన్న సౌండులో మాత్రం దొరకదు. పక్క ఫ్లాట్ వాళ్ళు ఆఫీసుకెళ్ళాక స్పీకర్లో పెట్టు, చెవుల తుప్పు వదలాలి.

ప్రపంచంలో మొదటి పంక్ (అదే, వేగంగా, మొరటుగా వాయించే రాక్) రికార్డు వీళ్ళదా కాదా అన్న గొడవలోకి పోకు. 1976 సెప్టెంబరులో 'అయామ్ స్ట్రాండెడ్' పాటని ముందు సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, 'ఫేటల్' అని సొంత రికార్డు కంపెనీ పెట్టుకుని 500 కాపీలు వేశారు. లండన్‌లో 'ద డామ్‌డ్' అనే పంక్ బ్యాండ్ మొదటి సింగిల్ ఆ తర్వాతి నెలలో వచ్చింది. లండన్ సంగీత పత్రిక 'సౌండ్స్' సెయింట్స్ సింగిల్‌ని ఆకాశానికెత్తాక పెద్ద రికార్డు కంపెనీ ఈఎంఐ వాళ్ళు కాంట్రాక్టు ఇచ్చారు. డిసెంబరులో రెండే రోజుల్లో ఆల్బమ్ రికార్డింగ్, 1977 ఫిబ్రవరిలో విడుదల. చెక్కడానికీ నగిషీలకీ టైమెక్కడిది?

వీళ్ళు లండన్‌ని చూసి నేర్చుకున్నవాళ్ళు కారని తెలియాలంటే మూడో పాట చాలు. నువ్వు ఆపేసిన చోటే! 'వైల్డ్ అబౌట్ యూ' అసలు 1965లో సిడ్నీ బ్యాండ్ 'ద మిస్సింగ్ లింక్స్' పాడింది. రెండూ పక్కపక్కన పెట్టి విను. గరాజ్ రాక్, అంటే కుర్రాళ్ళు కారు షెడ్లలో వాయించే మొరటు రాక్, ఆస్ట్రేలియాలో ఎంత పాత సరుకో అర్థమవుతుంది. ఎల్విస్ పాట 'కిసిన్ కజిన్స్' కూడా ఆల్బమ్‌లో ఉంది కానీ, నాకది పెద్దగా ఎక్కలేదు.

నువ్వున్నది వీళ్ళ ఊళ్ళోనే కాబట్టి ఒక పని చెయ్యి. ఓ సాయంత్రం పీట్రీ టెర్రస్ వైపు నడువు. వాయించడానికి చోటు దొరక్క వీళ్ళు తాము ఉంటున్న ఇంటినే క్లబ్బుగా మార్చుకుంది ఆ వీధిలోనే. అట్ట మీద ఫోటో తీసిందీ అక్కడే, ఓ పాడుబడ్డ ఇంట్లో. గోడ మీద పెయింటుతో ఆల్బమ్ పేరు, ముందు నలుగురు కుర్రాళ్ళు, ఒక్కడి మొహంలోనూ నవ్వు లేదు. అప్పుడు మీ క్వీన్స్‌లాండ్ రాష్ట్రాన్ని ఏలుతున్నది జో బ్యెల్కి-పీటర్సన్. ఆల్బమ్ వచ్చిన ఏడాదే వీధుల్లో ఊరేగింపుల్ని నిషేధించాడు. ఇప్పుడు నువ్వు కాఫీ తాగే ఊరికీ వాళ్ళ ఊరికీ పోలికే లేదనుకో.

ఆదివారం ఫోన్ చెయ్యి. పిన్నికి మాత్రం ఈ ఉత్తరం సంగతి చెప్పకు, మళ్ళీ ఆ మోత మొదలుపెట్టాడా అంటుంది.

బాబాయి