తమ్ముడి డిప్రెషన్ రికార్డు రీసెర్చ్‌కి ఇవ్వొచ్చా? కొంచెం పెద్ద జవాబు

మీరు అడిగింది ఇదీ: తమ్ముడు డిప్రెషన్‌కి మందులు వాడుతున్నాడు, చాలా హాస్పిటల్స్ కలిసి చేస్తున్న స్టడీ అని ఒక కన్సెంట్ ఫారం చేతిలో పెట్టారు, సంతకం పెడితే రేపు సంబంధాలు చూసేటప్పుడు విషయం బయటపడుతుందేమోనని అమ్మగారికి టెన్షన్. నేను డాక్టర్ని కాదండీ. విశాఖ రుషికొండలో ఒక కంపెనీలో కూర్చుని అమెరికా హాస్పిటల్ సిస్టమ్స్ (అంటే చాలా ఆసుపత్రులు, క్లినిక్‌లు ఉన్న పెద్ద సంస్థలు) రికార్డుల మీద ప్రోగ్రాములు రాసే పని చాలాకాలం చేశాను, అందులో మానసిక ఆరోగ్యం స్టడీలే ఎక్కువ.

ముందు, ఇన్ని హాస్పిటల్స్ ఎందుకు కలుస్తాయంటే, ఆత్మహత్యాయత్నం లాంటివి ఒక్క హాస్పిటల్ రికార్డుల్లో లెక్క తేలేటన్ని ఉండవు. అమెరికాలో మెంటల్ హెల్త్ రీసెర్చ్ నెట్‌వర్క్ అని 2010లో మొదలైంది, కైజర్ పర్మనెంటే, హెన్రీ ఫోర్డ్ లాంటి పెద్ద సిస్టమ్స్ అందులో ఉన్నాయి. వాళ్ళు 2018లో ఏడు సిస్టమ్స్‌కి చెందిన దాదాపు 30 లక్షల మంది రికార్డులు చూశారు. సైకియాట్రీ విజిట్లలో రిస్క్ స్కోరు (రికార్డుల్ని బట్టి వేసిన ఆత్మహత్యాయత్నం అంచనా) ఎక్కువగా వచ్చిన 5 శాతం విజిట్లను వేరు చేసి చూస్తే, ఆ తర్వాత 90 రోజుల్లో జరిగిన ప్రయత్నాల్లో 43 శాతం వాటి వెనకే ఉన్నాయి. చిన్న క్లినిక్‌లో ఇది ఎప్పటికీ కనపడదు.

మరి అన్ని లక్షల మంది ఫైళ్ళు ఒకచోట పోగేస్తారా అంటే, నేను చూసినంతవరకూ లేదు. ప్రతి సిస్టమ్ తన రికార్డుల్ని తన దగ్గరే ఉంచుకుని, అందరూ ఒప్పుకున్న ఒకే నమూనా టేబుళ్ళలో సర్దుకుంటుంది. ప్రోగ్రాం ఒకరు రాసి అందరికీ పంపుతారు, ఎవరి సర్వర్‌లో వాళ్ళు రన్ చేసి, చాలాసార్లు ఎంతమంది అన్న లెక్కల మొత్తాలు మాత్రమే బయటికి ఇస్తారు. పేరు, ఫోన్ నంబరు మా కంట పడేవే కావు. మా తలనొప్పులు వేరు. అమిట్రిప్టిలిన్ అనే మందు రాశారంటే డిప్రెషన్‌కేనా, నరాల నొప్పికా, మైగ్రేన్‌కా? మందు వరస ఒక్కటీ చూస్తే తెలియదు. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల ఫారంలో చివరిది చావు ఆలోచనల గురించి, దానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. కొందరు ఎనిమిదీ నింపి అది ఒక్కటీ ఖాళీగా వదిలేస్తారు. ఆ ఖాళీని సున్నా అనుకుంటే స్టడీ గంగలో కలిసినట్టే, దాని మీదే మీటింగులు గంటల తరబడి సాగేవి.

ఈ రీసెర్చ్ మీద నాకు నమ్మకం కుదిరింది మాత్రం ఒక ఫెయిలైన స్టడీ చూశాకే. 2022లో వచ్చింది, చావు ఆలోచనలు ఉన్నాయన్న 18,882 మందితో. కొందరికి ఫోన్, మెసేజీల ద్వారా ఫాలో-అప్, కొందరికి భావోద్వేగాల్ని అదుపు చేసుకునే ఆన్‌లైన్ పాఠాలు ఇస్తామన్నారు. ఫాలో-అప్‌తో తేడా ఏమీ రాలేదు. పాఠాలు ఇస్తామన్న గుంపులో స్వీయహాని మామూలు వైద్యం గుంపు కంటే ఎక్కువ కనిపించింది. ‘మంచిదే కదా, పోయేదేముంది’ అని అందరికీ పంచేసి ఉంటే? దాన్ని దాచకుండా అచ్చు వేశారు, అదీ విశేషం.

మన దగ్గర సంగతి వేరు. విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో ఒక చీటీ, చినవాల్తేరు మానసిక వైద్యశాలలో ఇంకో చీటీ, ప్రైవేటు డాక్టరుది మరొకటి, అన్నీ పాలిథిన్ కవర్లో పెట్టుకుని తిరిగేది మనమే. కాబట్టి మీ తమ్ముడి పాత రికార్డు తీసుకోవడం కంటే కొత్తగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడగడమే ఎక్కువ ఉండొచ్చు.

ఫారం ఇంటికి తెచ్చుకోండి, అక్కడికక్కడే సంతకం పెట్టనక్కర్లేదు. తెలుగులో కాపీ అడగండి. ఎథిక్స్ కమిటీ (స్టడీలో చేరేవాళ్ళకి అన్యాయం జరగకుండా చూసే కమిటీ) అనుమతి ఉందా, పేరు బదులు కోడ్ వాడితే ఏ కోడ్ ఎవరిదో చెప్పే లిస్టు ఎవరి దగ్గర ఉంటుంది, డేటా బయటికి వెళ్తుందా లేక లెక్కలే వెళ్తాయా అని అడగండి. మధ్యలో మానేసినా వైద్యం ఆగకూడదు, ఆ మాట కాగితం మీద ఉండాలి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం వివరాలు గోప్యంగా ఉంచడం వాళ్ళ బాధ్యత. నోటిమాటగా ‘ఏం కాదులెండి’ అంటే మాత్రం నేనైతే వద్దంటాను.

ఇంకొకటి, మీరు ‘మేం సంతకం పెట్టాలా’ అని రాశారు. తమ్ముడు మేజరైతే సంతకమూ అతనిదే, నిర్ణయమూ అతనిదే. అమ్మగారి భయం అతనికి చెప్పండి, ఆపైన అతని ఇష్టం.

వీటన్నిటికంటే ముందు నేనైతే అడిగేది: ఆ తొమ్మిదో ప్రశ్నకి అతను రెండో మూడో పెడితే ఆ కాగితం అదే రోజు ఎవరు చదువుతారు, ఎవరు ఫోన్ చేస్తారు? జవాబులో తడబాటు ఉంటే సంతకం ఆపి, ముందు తమ్ముడికి మందులు రాసే డాక్టరుతో మాట్లాడండి. రాత్రిపూట భయం వేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.