నడుస్తూ నడుస్తూ ఆగిపోయే పాత కారు గురించి అమ్మాయికి లేఖ

జయపురం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

కారు గురించి నువ్వు రాసినదంతా శ్రద్ధగా చదివాను. విజయనగరంలో అమ్మను చూసి సెమిలిగుడ తిరిగి వస్తూ, సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుండగా ఇంజను ఉన్నట్టుండి ఆగిపోయిందనీ, పిల్లలతో రోడ్డు పక్కన అరగంట నిలబడ్డాక ఏమీ జరగనట్టే స్టార్ట్ అయిందనీ, ఆ తర్వాత పెట్రోలు పంపూ ప్లగ్గులూ మార్పించినా పొట్టంగి దగ్గర మళ్లీ అదే జరిగిందనీ రాశావు. ఇప్పుడు షెడ్డువాళ్లు ప్లగ్గులకు నిప్పురవ్వ కరెంటు ఇచ్చే కాయిల్ మార్చాలంటున్నారు, మార్పించమంటావా అని అడిగావు. ఇప్పుడే మార్పించవద్దు. కాయిల్ బాగానే ఉందని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. చెడిపోయిందని వాళ్లూ చెప్పలేరు. కారు ఆగిన ఆ క్షణంలో ఇంజనుకు ఏది అందకుండా పోయిందో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

జ్వరం దిగిపోయాక వైద్యుడి దగ్గరకు వెళ్లిన రోగిలాగా, షెడ్డుకు చేరేసరికి ఈ కారు నిక్షేపంగా ఉంటుంది. అందువల్ల అక్కడ జరిగేది పరీక్ష కాదు, ఊహ. ఊహతో ఒక భాగం మార్చాక కారు పది రోజులు బాగా నడిచిందనుకో, అది ఆ భాగం వల్ల నడిచిందో, తన అలవాటు ప్రకారం నడిచిందో తెలియదు. ఇంకో చిక్కు కూడా ఉంది. పంపు మార్చేటప్పుడు దాని కనెక్టరు ఊడదీసి మళ్లీ పెడతారు. లోపం నిజానికి ఆ కనెక్టరు పిన్నులోనే ఉంటే, ఆ కదలికకే కొన్నాళ్లు సర్దుకుంటుంది, పేరు మాత్రం కొత్త పంపుకు వస్తుంది. అందుకని ముందు సాక్ష్యం పట్టుకోవాలి, భాగాల సంగతి ఆ తర్వాత చూడాలి.

అన్నింటికంటే ముందు నీ క్షేమం. ఇంజను ఆగగానే స్టీరింగు బరువెక్కుతుంది. బ్రేకు కూడా రెండు మూడు సార్లు నొక్కేవరకే తేలికగా పనిచేస్తుంది. ఆ తర్వాత బ్రేకును తేలిక చేసే బూస్టరులో వాక్యూమ్ అయిపోయి, పెడలు రాయిలా గట్టిపడుతుంది. బ్రేకు అప్పుడూ పడుతుంది కానీ కాలి బలమంతా పెట్టాలి. కనుక బ్రేకును వదిలి వదిలి నొక్కకుండా, ఒక్కసారి గట్టిగా నొక్కి పట్టి, ఎడమ పక్కకు తీసుకో. కదులుతున్న కారులో తాళం చెవిని చివరిదాకా వెనక్కి తిప్పవద్దు, స్టీరింగు లాక్ అవుతుంది. ఎక్కుడులో నిలిపాక మొదటి గేరు వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, వెనుక చక్రం కింద రాయి పెట్టి, పిల్లలను కొండ వైపు దించు. మలుపులో ఆగితే, వచ్చే లారీకి ముందే కనిపించేలా ఎరుపు త్రికోణాన్ని మలుపుకు అవతల పెట్టాలి. దిగుడులో పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగే అలవాటు నీకు లేదని నాకు తెలుసు, కానీ అల్లుడికి కూడా ఈ మాట చెప్పు.

ఇక సాక్ష్యం సంగతి. ఆగిన తీరే సగం చెబుతుంది. స్విచ్ ఆపేసినట్టు ఒక్కసారిగా పోయిందా, లేక కుదుపులు కుదుపులుగా బలం తగ్గి, యాక్సిలరేటరు నొక్కినా అందుకోలేక పోయిందా అన్నది మొదటి ప్రశ్న. ఒక్కసారిగా పోతే కరెంటు వైపు, తడబడుతూ పోతే పెట్రోలు వైపు అనుమానించాలి. ఇది తిరుగులేని సూత్రం కాకపోయినా, ఎటు నుంచి మొదలుపెట్టాలో చెబుతుంది. రెండవది డాష్‌బోర్డులో ఇంజను తిరిగే వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు. కారు ఇంకా గేరులో కదులుతూ ఉంటే, మంట ఆగిపోయినా చక్రాలే ఇంజనును తిప్పుతుంటాయి కాబట్టి, ముల్లు కారు వేగంతో పాటు నెమ్మదిగా దిగాలి. కారు కదులుతుండగానే, క్లచ్ నొక్కకముందే, ముల్లు టపీమని సున్నాకు పడిపోతే, ఇంజను తిరుగుతున్న సంగతి దాన్ని నడిపించే కారు కంప్యూటరుకు తెలియడం లేదని అర్థం. అప్పుడు ఇంజను తిరుగుడును పసిగట్టి కంప్యూటరుకు చెప్పే క్రాంక్ సెన్సరును, దాని వైరును, లేదా కంప్యూటరుకు వచ్చే కరెంటును చూడాలి. ఘాట్ మీద ఆ ముల్లును నువ్వు చూస్తూ కూర్చోవద్దు. ఫోనును డాష్‌బోర్డు వైపు తిప్పి బిగించి, వీడియో తీస్తూ ఉండేలా పెట్టు. ఏ హెచ్చరిక దీపాలు వెలిగాయి, ఏవి ఆరాయి అన్నది కూడా అందులో ఉంటుంది.

కారు ఆగి, నువ్వు క్షేమంగా పక్కకు వచ్చాక, వెంటనే సెల్ఫ్ కొట్టవద్దు. కీని ఆన్ వరకు మాత్రమే తిప్పు. చెక్ ఇంజిన్ లైటు వెలగాలి. వెలగకపోతే కంప్యూటరుకే కరెంటు రావడం లేదు, దానికి కరెంటు అందించే స్విచ్ లాంటి మెయిన్ రిలే, దాని ఫ్యూజు, ఇగ్నిషన్ స్విచ్ చూడాలి. వెనుక సీటు కింద పంపు రెండు క్షణాలు గుయ్యిమనాలి. ఆ చప్పుడు మంచి రోజుల్లో ఎలా ఉంటుందో ఇంటి దగ్గరే ఒకసారి విని గుర్తుపెట్టుకో. తర్వాత పెట్రోలు ట్యాంకు మూత విప్పి చూడు. గాలి బలంగా లోపలికి పీల్చుకుని, ఆ వెంటనే కారు స్టార్ట్ అయితే, ట్యాంకు గాలి దారి మూసుకుపోయిందన్నమాట. చివరగా, ఎంతసేపటికి స్టార్ట్ అయిందో గడియారం చూసి రాసుకో. ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది, ఎండా వానా, ఏసీ వేశావా లేదా, ఇవి కూడా ఒక కాగితం మీద ఉండాలి.

నువ్వు రాసిన దానిలో నన్ను ఆపిన మాట ఆ అరగంట. వేడెక్కి ఆగి, చల్లారాక దానంతటదే కోలుకోవడం క్రాంక్ సెన్సరుకు ఉన్న బాగా తెలిసిన లక్షణం. అయస్కాంతం రకం సెన్సరులో వెంట్రుకంత సన్నని రాగి తీగ చుట్ట ఉంటుంది. ఏళ్ల తరబడి ఇంజను వేడికి ఆ తీగ ఎక్కడో చిట్లి, వేడికి విడిపోయి, చల్లారాక మళ్లీ తాకుతుంది. షెడ్డులో చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటరుతో కొలిస్తే ఓమ్‌లు సరిగ్గానే చూపిస్తుంది, అందుకే చాలామంది దాన్ని వదిలేస్తారు. కొలిస్తే ఆగిన వెంటనే కొలవాలి, లేదా విప్పి హెయిర్ డ్రయ్యరుతో వేడిచేస్తూ కొలవాలి. రోడ్డు మీద ఇంకో ఉపాయం ఉంది. ఇంజను ఆగిన వెంటనే, సెన్సరు చేతికి అందే చోట ఉంటే, దాని మీద మాత్రమే కొద్దిగా నీళ్లు పోసి, అది చల్లబడగానే స్టార్ట్ అవుతుందేమో చూడాలి. పక్కనున్న కనెక్టర్ల మీద, వేడి సైలెన్సరు పైపు మీద నీళ్లు పడకూడదు, కనుక ఆ పని తెలిసినవారు పక్కన ఉంటేనే చెయ్యి. అయితే కాయిల్, రిలే, పంపు మోటారు కూడా వేడికి ఇలాగే ప్రవర్తించగలవు. అరగంట ఒక్కటే చూసి సెన్సరు కొనెయ్యమని నేను అనడం లేదు.

అందుకే ఆటో ఎలక్ట్రీషియన్లు పాతకాలం నుంచి చేసే పని ఒకటి చెబుతాను. నా మట్టుకు నాకు ఇలాంటి కారుకు ఇంతకు మించిన పరీక్ష లేదు. పార్కింగ్ లైటుకు వాడే చిన్న 12 వోల్టుల బల్బులు రెండు తీసుకుని, ఒక్కొక్కదానికి చిన్న ఫ్యూజు వేసి, ఒకటి పంపుకు వెళ్లే పాజిటివ్ వైరుకూ, రెండవది మెయిన్ రిలే నుంచి, ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకు వెళ్లే పాజిటివ్ వైరుకూ కలిపి, రెండింటినీ డాష్‌బోర్డు మీద, ఫోను వీడియోలో పడేలా అంటించాలి. కారు నడుస్తున్నంతసేపూ రెండూ వెలుగుతుంటాయి. ఆగిన క్షణాన రెండూ ఆరిపోతే ఇగ్నిషన్ స్విచ్ లేదా మెయిన్ రిలే. పంపు బల్బు ఒక్కటే ఆరితే రెండు దారులున్నాయి, ఎందుకంటే ఇంజను తిరగడం లేదనుకున్నప్పుడు కంప్యూటరే క్షణాల్లో పంపు రిలేను ఆపేస్తుంది. ముల్లు కూడా టపీమని పడి ఉంటే సెన్సరు, ముల్లు నెమ్మదిగా దిగి ఉంటే పంపు రిలే. రెండు బల్బులూ వెలుగుతూనే ఇంజను ఆగితే, కరెంటు అక్కడిదాకా వచ్చింది కాబట్టి పంపు, దాని ఎర్తు (నెగటివ్) వైరు, ఫిల్టరు, లేదా కాయిల్ వైపు వెళ్లాలి. ఇంత చిన్న ఏర్పాటుతో ఒక్క ప్రయాణంలో అనుమానితుల జాబితాలో చాలా భాగం కొట్టివేయవచ్చు. ఒక్క జాగ్రత్త చెబుతాను: బల్బును సెన్సర్ల సన్నని వైర్లకు గానీ, కంప్యూటరు నుంచి కాయిల్‌కు వెళ్లే సంకేతపు వైరుకు గానీ, పసుపు రంగు తొడుగులో ఉండే ఎయిర్‌బ్యాగ్ వైర్లకు గానీ ఎప్పుడూ తగిలించనివ్వవద్దు.

బల్బులు పెట్టించే రోజునే ఎర్తు వైర్లు విప్పి, గీకి, బిగించమను. దీనికి డబ్బు ఖర్చు లేదు, అయినా ఎక్కువమంది చేయరు. ఇంజను నడుస్తూ, హెడ్‌లైట్లు, ఫ్యాను వేసి ఉండగా, బ్యాటరీ నెగటివ్ మొనకూ ఇంజను ఒంటికీ మధ్య మల్టీమీటరు పెడితే 0.2 వోల్టు దాటకూడదు. అదే సమయంలో బ్యాటరీ రెండు మొనల మధ్య 13.8 నుంచి 14.5 వరకు ఉండాలి. ఐడిలింగులో తాళం చెవిని, వైర్ల కట్టను, రిలేలను ఒక్కొక్కటిగా మెల్లగా కదిపి చూడాలి. దేన్ని కదిపితే ఇంజను తడబడిందో అక్కడే పని. నీ తాళాల గుత్తి బరువుగా ఉంటుంది, కారు తాళం చెవిని దాని నుంచి వేరు చెయ్యి. ఎలుకలు వైర్లు కొరకడం మన వైపు మామూలే, బానెట్ కింద ఒకసారి టార్చి వేసి చూడు.

పెట్రోలు వైపు విషయానికి వస్తే, పంపు మార్చారు కానీ ప్రెజరు కొలిచారా అని అడుగు. కార్బురేటరు లేకుండా ఇంజెక్టర్లతో నడిచే ఎంపీఎఫ్ఐ కార్లలో సాధారణంగా 3 బార్ దగ్గరలో ఉంటుంది. ఖచ్చితమైన అంకె నీ కారు సర్వీసు పుస్తకంలో చూసుకోవాలి. కొలత లేకుండా కొత్త పంపు బాగుందనీ అనలేం, పాతది చెడిందనీ అనలేం. ట్యాంకులో ఎప్పుడూ పావు వంతుకు తక్కువ ఉంచవద్దు. పంపు పెట్రోలులో మునిగి ఉండి దానితోనే చల్లబడుతుంది, పైగా ఘాట్ మలుపుల్లో పెట్రోలు ఒక పక్కకు ఒరిగితే పంపు గాలి పీలుస్తుంది. నీ కారు 2006 నాటిది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు తగిన భాగాలతో కార్లు వస్తున్నది 2023 ఏప్రిల్ నుంచి. పాత కార్లలో రబ్బరు పైపులు ఆ పెట్రోలుకు ఉబ్బడం, పగలడం, ట్యాంకు అడుగు మడ్డి కదిలి ఫిల్టరుకు చేరడం జరగవచ్చు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, మన కోరాపుట్ వానల్లో ఆ ఇబ్బంది ఇంకా ఎక్కువ. అనుమానం ఉంటే ఫిల్టరు దగ్గర కొంచెం పెట్రోలు గాజు సీసాలో పట్టించి, మంటకు దూరంగా కాసేపు కదపకుండా ఉంచు. అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంకు కడిగించాల్సిందే.

అంబాసిడర్ల కాలంలో ఇదే ఘాట్ మీద డ్రైవర్లు పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసుకుని ఎక్కేవారు. వేడికి పైపులో పెట్రోలు ఆవిరై, పంపు లాగలేకపోయేది. కొందరు ఇప్పటికీ నీ కారుకు అదే జబ్బు అంటారు. కార్బురేటరు బండిలో అది నిజమే. నీ కారులో పంపు ట్యాంకులోనే ఉండి, ఒత్తిడితో తోస్తుంది కాబట్టి ఆవిరి అడ్డుపడటం అరుదు. ఆ మాట మీద డబ్బు ఖర్చు పెట్టవద్దు.

సిగ్నల్ దగ్గర, బ్రేకు వేసి ఆగబోతున్నప్పుడు ఆగిపోతుంటే అది వేరే జబ్బు. థ్రాటిల్ బాడీ మసి, ఐడిల్ వాల్వు, వాక్యూమ్ గొట్టాల లీకు చూస్తే సరిపోతుంది. నీది ఎక్కుడులో బరువు మీద ఆగుతోంది కాబట్టి దాని మీద సమయం పెట్టనక్కరలేదు.

కారు కంప్యూటరు రాసుకున్న లోపాల కోడ్‌లు చదివే స్కానరు పెట్టించడం మంచిదే, కానీ దాని మాటను ఎలా తీసుకోవాలో తెలియాలి. పి0335 అని వస్తే క్రాంక్ సెన్సరు సర్క్యూట్‌లో లోపం అని అర్థం. సర్క్యూట్ అంటే సెన్సరు ఒక్కటే కాదు, వైరూ కనెక్టరూ కూడా. కోడ్ ఏదీ లేకపోయినా కారు బాగున్నట్టు కాదు, రిలే పోయి కంప్యూటరుకే కరెంటు ఆగితే అది రాసుకోవడానికి వీలుండదు. నీ కారు వయసుకు చవక బ్లూటూత్ స్కానర్లు కలవకపోవచ్చు, ఆ కంపెనీ బండ్లకు పనికివచ్చే స్కానరు ఉన్న చోటికే వెళ్లు. కోడ్‌లు చదవకముందు బ్యాటరీ వైరు ఎవరినీ తీయనివ్వవద్దు, చాలా కార్లలో దానితో జ్ఞాపకమంతా చెరిగిపోతుంది.

సునాబెడలో గానీ కోరాపుట్‌లో గానీ బల్బులు పెట్టడానికి ఒప్పుకునే ఎలక్ట్రీషియన్ దొరకకపోతే, ఆదివారం పొద్దున్నే చల్లపొద్దులో జయపురం తీసుకురా, నేనే దగ్గరుండి పెట్టిస్తాను. ఆ తర్వాత పరీక్షకు సుంకి ఘాట్ అక్కరలేదు. సెమిలిగుడ చుట్టుపక్కల, మనుషులు తిరిగే రోడ్డు మీద, పగటిపూట, ఏసీ వేసి, ఇంజను బాగా వేడెక్కేదాకా అల్లుడితో కలిసి తిప్పండి. లోపం దొరికి, బాగుచేశాక కూడా బల్బులను కొన్ని వారాలు అలాగే ఉంచండి. అప్పటివరకు అమ్మను చూడటానికి కోరాపుట్ నుంచి రాయగడ మీదుగా విజయనగరానికి రైలు ఉంది, పిల్లలతో అందులోనే వెళ్లు. పాత పంపును వాళ్లు పారేయకపోతే అడిగి తీసుకో, వచ్చేటప్పుడు తీసుకురా, దాన్ని ఇక్కడ బ్యాటరీ మీద పెట్టి చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న